గాలికి గేటు ఆగాలంటే గడియ ఒక్కటే మార్చి లాభం లేదు

గాలి వీచినప్పుడల్లా తోట గేటు తెరుచుకుని కొట్టుకుంటోంది, ఏ గడియ పెడితే ఆగుతుంది అని అడిగారు. నాలుగేళ్లలో మూడు గడియలు మార్చినదాన్ని, కాబట్టి చెప్తున్నాను: తప్పు గడియది కాదు. మీ గేటుకి పైనుంచి కిందదాకా రేకు అయినా కొట్టించి ఉంటారు, లేదా నేలలోకి దిగే కడ్డీ అయినా సరిగ్గా దిగుతూ ఉండదు. చాలావరకు రెండింటిలో ఒకటే అవుతుంది.

మాది పెరటి తోట వైపు ఒంటి రెక్క గేటు. మూడడుగుల పైచిలుకు వెడల్పు, ఆరడుగుల ఎత్తు. మొదట ఉత్త ఊచల గేటే. లోపలంతా బయటికి కనిపిస్తోందని దానికి నిండుగా రేకు వెల్డింగ్ చేయించాం. అన్నేళ్లూ ఏ గాలికీ కదలని గేటు ఆ ఏడాది నుంచే దడదడలాడటం మొదలుపెట్టింది. అయినా రేకు మీదికి మా ధ్యాసే పోలేదు. గడియ పాతబడిందనుకున్నాం. ఇంకా లావుది తెచ్చాం, తర్వాత ఇంకా లావుది.

మూడో గడియ పెట్టిన నెలకే ఒక రాత్రి పెద్ద ఈదురుగాలి. పదకొండు దాటింది. గేటు స్తంభానికి కొట్టుకుంటున్న చప్పుడుకి అత్తయ్యకి మెలకువ వచ్చింది. మమ్మల్ని లేపడం ఎందుకులే అని టార్చి తీసుకుని తనే వెళ్లారు. సగం తెరుచుకుని ఊగుతున్న గేటు అంచుని చేత్తో పట్టుకుని లాగబోయారు. అంతే, ఒక్క విసురు గాలి. గేటుకీ స్తంభానికీ మధ్య మణికట్టు పడింది. ఆవిడ కేకకే మేం లేచాం. ఎముక చిట్లింది, ఆరు వారాలు కట్టు. "ఎవరో అవతల నిలబడి గేటుని నా చేతిలోంచి లాక్కున్నట్టయిందమ్మా" అన్నారు ఆస్పత్రిలో.

పొద్దున్నే వెళ్లి గేటు దగ్గర కూర్చుని చూశాను. గడియ చెక్కుచెదరలేదు, కొత్తదానిలా మెరుస్తోంది. దాన్ని చెక్క స్తంభానికి బిగించిన నాలుగు స్క్రూలూ మాత్రం ఊడి కింద పడి ఉన్నాయి. మరల్లో చెక్క పీచు చుట్టుకుని ఉంది. ఒక్కోటీ అర అంగుళం కూడా లేదు. ప్యాకెట్లో వచ్చిన స్క్రూలే బిగించేసి వెళ్లిపోయాడు బిగించినతను. ఈ అలవాటు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. వేలెడు లావు గడియకి గోరంత స్క్రూ ఏం ఆగుతుంది? గడియ బిగించాల్సింది స్తంభంలోంచి అవతలికి వచ్చే బోల్టుతో, అవతల వైపు ఒక ఇనుప బిళ్ల వేసి, నట్టు బిగించి.

తర్వాత నేల వైపు చూశాను. కడ్డీ దిగే రంధ్రం మట్టితో నిండి గట్టిపడి ఉంది. స్క్రూడ్రైవరుతో పొడిస్తే గోరు మందం కూడా దిగలేదు. అంటే ఇన్నాళ్లూ కడ్డీ దిగిందని మేం అనుకోవడమే గానీ అది సిమెంటు మీద ఊరికే ఆనుకుని ఉందన్నమాట. దాని కొన గీసిన వంపు గీత నేల మీద తెల్లగా కనిపిస్తోంది.

రేకు సంగతి మా తమ్ముడు లెక్కేసి చూపిస్తేనే నాకు అర్థమైంది. గాలి వేగం రెట్టింపయితే తోపు రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. గంటకి 36 కిలోమీటర్ల గాలి చదరపు మీటరు రేకు మీద ఆరు కిలోల బరువుతో నెడితే, 72 కిలోమీటర్ల గాలి 24 కిలోలకు పైగా నెడుతుంది. మా గేటంత రేకు మీద అది 40 కిలోలకు పైనే. అందులో సగం బందుల మీద పడితే మిగతా సగం గడియ మోయాలి. పైగా గాలి ఒక్క తీరుగా నెట్టదు, నెట్టి వదిలి మళ్లీ నెడుతుంది. గడియలో వేలెడు వదులుంటే చాలు, ఆ వేలెడు దూరం గేటు ఊగి వచ్చి ప్రతిసారీ సుత్తితో కొట్టినట్టు కొడుతుంది. తాడుతో కట్టేవాళ్లకి కూడా నేను చెప్పేది ఇదే. తాడు సాగుతుంది, మొదటి గంటలోనే వదులవుతుంది.

ముందు రేకు పీకించేశాం. వేళ్లు పట్టేంత సందులు వదిలి నిలువు పట్టీలు వేయించాం. గాలి సందుల్లోంచి పోతుంది, మనుషులు సరిగ్గా కనపడరు. వల బిగించి తీగ పాకిస్తే అందంగా ఉంటుంది కదా అంటారు కొందరు. తీగ గుబురుగా అల్లుకుంటే అదీ రేకు లాంటిదే, వద్దు.

కడ్డీ కోసం నేలలో పైపు ముక్క పాతించాం. పైపు అడుగు సిమెంటుతో మూసేయకుండా కింద కంకర దాకా తెరిచి ఉంచాలి. అప్పుడే నీళ్లు ఇంకిపోతాయి, మట్టి పడినా పొడిస్తే కిందికి జారుతుంది. కడ్డీ బాగా లోపలికి దిగాలి. గేటు వచ్చి ఆనే చోట రబ్బరు ముక్క బిగించి, గడియ వేస్తే గేటు దాన్ని కాస్త నొక్కుకుని ఉండేలా సరిచేశాం. చప్పుడు ఆ రోజుతో పోయింది. మీది పైనుంచి వాలి పడే రకం గడియ అయితే గేటు అదిరినప్పుడు ఎగిరి లేస్తుంది. దానికి చిల్లు వేయించి అడ్డంగా చీల దోపండి. స్తంభాన్ని రెండు చేతులతో ఊపి చూడండి, అది కదులుతుంటే మిగతా పనులన్నీ దండగ.

తెరిచి ఉంచేటప్పుడు ఎలా అనేది మీరు అడగలేదు గానీ, దెబ్బలు తగిలేది అప్పుడే. ఇటుకరాయి అడ్డం పెట్టడం మానేయండి. గేటు పూర్తిగా తెరుచుకునే చోట కూడా నేలలో ఇంకో పైపు పాతించి కడ్డీ అందులో దించండి, లేదా గోడకి కొక్కెం పెట్టించండి.

గాలిలో గేటు మూయాల్సి వస్తే అంచు పట్టుకోకండి. పిడి పట్టుకుని, భుజం ఆనించి నెట్టండి. పిల్లల్నీ పెద్దవాళ్లనీ అసలు పంపకండి. మా అత్తయ్య ఇప్పటికీ ఆ చేత్తో నిండు బకెట్ ఎత్తలేరు.