తుమ్మి పక్కన రిక్సియా: ఓ యువ రచయిత్రికి లేఖ

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. తుమ్మినీ, నేలకు అంటుకుని పెరిగే నాచులాంటి చిన్న మొక్క రిక్సియానీ పోల్చి రాసిన నీ వ్యాసం చదివాను. పెంచలకోన దారిలో చెరువుగట్టు కింద తడినేల మీద రిక్సియాను గుర్తుపట్టావంటే నీ చూపు మంచిది. నాకు మింగుడుపడనిది ఒక్కటే. వేర్లు లేవు, కాండం లేదు, పువ్వు లేదు, గింజ లేదు... రిక్సియా గురించి రాసిందంతా లేనివాటి జాబితానే. చదివేవాళ్లకు అది తుమ్మి కాబోయి ఆగిపోయిన మొక్కలా అనిపిస్తుంది.

తిరకాసు ఎక్కడొచ్చిందంటే, రెండూ పచ్చగా ఉన్నాయని తుమ్మి ఆకుకు రిక్సియా థాలస్‌ను, అంటే వేరు, కాండం, ఆకు అని విడిపోని దాని పచ్చటి ఒంటిని, జత కట్టావు. అవి ఒకే తరానివి కావమ్మా. మొక్క బతుకులో రెండు తరాలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. మనకు కనబడే తుమ్మి మొక్క సిద్ధబీజదం, అంటే సిద్ధబీజాలను (స్పోర్లను) ఇచ్చే తరం; ద్వయస్థితికం, అంటే కణంలో క్రోమోజోములు రెండు సెట్లు. థాలస్ సంయోగబీజదం, అంటే పురుష, స్త్రీబీజాలను ఇచ్చే తరం; ఏకస్థితికం, అంటే ఒక్క సెట్టే. మరి తుమ్మిలో సంయోగబీజదం ఎక్కడుంది? పుప్పొడి రేణువులో రెండు మూడు కణాలుగా, గింజగా మారే అండంలోని పిండకోశంలో మామూలుగా ఏడు కణాలుగా దాక్కుని ఉంది. రిక్సియాలో సిద్ధబీజదమో? థాలస్‌లోనే పూడుకుపోయిన చిన్న గుళిక. ఆ థాలస్ కుళ్లితేగానీ సిద్ధబీజాలు బయటపడవు. ఒకచోట ఇల్లంతా తానే అయిన తరం ఇంకోచోట మూలగదికి చేరింది. నీ వ్యాసానికి ప్రాణం ఇక్కడుంది. ఇన్ని రకాల మొక్కల్లోనూ నడిచేది ఈ తరాల మార్పిడే అని 1851లో చూపించిన జర్మన్ వృక్షశాస్త్రవేత్త హోఫ్‌మైస్టర్ యూనివర్సిటీలో చదివినవాడు కాడు. లైప్‌జిగ్‌లో తండ్రి ప్రచురణ వ్యాపారం చూసుకుంటూనే ఆ పని చేశాడు. డిగ్రీ లేదని నువ్వు టెన్షన్ పడాల్సిన పని లేదు.

నెల్లూరు వైపు అసలు వానలు అక్టోబరు, నవంబరుల్లోనే కదా, అప్పుడు చేతి లెన్సుతో మళ్లీ వెళ్లు. థాలస్ రెండుగా చీలుతూ, మళ్లీ చీలుతూ గుండ్రంగా పరుచుకుంటుంది. ఒక్కో పాయ నడుమ గాడి ఉంటుంది. దాని వెంట నల్లటి చుక్కలు కనిపిస్తే అవి ముదిరిన గుళికలు. పురుషబీజాలు స్త్రీబీజం దాకా ఈదడానికి నీటి పొర ఉండాలి. తుమ్మికైతే పురుగులు పుప్పొడి మోస్తాయి, మిగతా దూరం పుప్పొడి నాళం చూసుకుంటుంది. ఈ రెండు దారులనీ పక్కపక్కన పెట్టి తీరిగ్గా రాయి.

జాతి పేరు తొందరపడి వేయకు. రిక్సియా అన్నది ప్రజాతి పేరు, అందులో జాతులు వందకు పైనే. సిద్ధబీజం మీది నగిషీని మైక్రోస్కోపులో చూడకుండా తేల్చడం కష్టం. అప్పటిదాకా రిక్సియా అంటే చాలు. నీ వ్యాసంలోని "నిమ్నస్థాయి మొక్క" అన్న మాట మాత్రం కొట్టెయ్. తిరగరాసింది రిక్సియాతోనే మొదలుపెట్టి పంపు.

నీ శ్రేయోభిలాషి