బాలిలో అమ్మానాన్నలతో అగ్నిపర్వతం ఎక్కాలా, గుళ్లు చూస్తే చాలా?

విజయవాడ నుంచి పెద్దవాళ్లతో వెళ్తున్నారు, ఉన్నవి నాలుగు రోజులే అంటున్నారు కాబట్టి, మోకాళ్ల నొప్పులున్న వాళ్లను మాత్రం బాతూర్ అగ్నిపర్వతం ఎక్కించకండి. ఎత్తు 1717 మీటర్లే అయినా, సూర్యోదయం చూడాలంటే అర్ధరాత్రి దాటాక లేచి టార్చి వెలుగులో జారే గులకరాళ్ల మీద రెండు గంటలు నడవాలి. మీరొక్కరే వెళ్లిరండి, పైన రాళ్ల సందుల్లోంచి వచ్చే ఆవిరితోనే గైడ్లు గుడ్లు ఉడికించి పెడతారు. అమ్మానాన్నలకైతే ఆ కొండకు ఎదురుగా ఉండే కింతామణి దగ్గర కారు దిగితే చాలు, కొండా, సరస్సూ, గడ్డకట్టిన నల్లటి లావా అన్నీ ఎదురుగానే కనిపిస్తాయి.

బెసకి గుడి తప్పకుండా చూపించండి. అది ఆగుంగ్ అనే మరో అగ్నిపర్వతం వాలులో ఉంది, 1963లో ఆ కొండ బద్దలై వెయ్యిమందికి పైగా పోయినా లావా గుడిని తాకకుండా పక్క నుంచి పోయింది. గుళ్లలోకి నడుముకి సారోంగ్ చుట్టుకునే వెళ్లాలి, మన పంచె కట్టులాంటిదే, నాన్నగారికి ఇబ్బందేం ఉండదు.

సాయంత్రం ఉలువాటు గుడి దగ్గర కెచక్ నృత్యం చూడండి. వాయిద్యాల్లేకుండా మగవాళ్లంతా గుండ్రంగా కూర్చుని ‘చక్ చక్’ అంటుంటే మధ్యలో రామాయణం నడుస్తుంది. అక్కడి కోతులు కళ్లజోళ్లు లాక్కుని, పండు ఇస్తేగానీ తిరిగివ్వవు, జాగ్రత్త!

వర్షాలు నవంబరు నుంచి మార్చి వరకు, మన వేసవి సెలవులైతే హాయి.