నాలుగో దశ క్యాన్సర్.. చావు మాటెత్తితే ఇంట్లో ఊరుకోవట్లేదు

ప్రశ్న: నా వయసు 61. రిటైర్డ్ టీచర్‌ని. ఊపిరితిత్తుల క్యాన్సర్ నాలుగో దశ అన్నారు. కీమో నడుస్తోంది. ఆయాసం, నిద్ర పట్టదు. ‘నేను పోయాక’ అనగానే మా ఆవిడ ‘అశుభం మాట్లాడకండి’ అని ఏడుస్తుంది. అబ్బాయి మాట మార్చేస్తాడు. నేను ధైర్యం కోల్పోయినట్టా డాక్టర్‌గారూ?
- ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: మాస్టారూ, ఆ మాట అనగలిగారంటేనే మీకు ధైర్యం ఉంది. ఇలాంటి ఇళ్లను రోజూ చూస్తుంటాను. సంగతి అందరికీ తెలుసు, కానీ ఎవరికీ తెలియనట్టే మసలుతారు. పేషెంటుకున్న కాస్త ఓపికా ఆ దాపరికానికే ఖర్చయిపోతుంది.

ముందు ఆయాసం సంగతి చూడాలి. ఊపిరాడనప్పుడు ఏ ఆలోచనా సాగదు. నెమ్ము, రక్తహీనత లాంటి కారణాలున్నాయేమో మీ డాక్టరును చూడమనండి. ఒక్కసారిగా ఎక్కువైతే మాత్రం వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ముఖానికి తగిలేలా చిన్న ఫ్యాన్ పెట్టుకున్నా హాయిగా ఉంటుంది.

కీమోతో పాటే పాలియేటివ్ కేర్ (నొప్పి, ఆయాసం, దిగులు లాంటి బాధలను తగ్గించే వైద్యం) డాక్టరునూ ఇప్పుడే కలవండి. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో ఈ విభాగం ఉంది. ఇది ఆఖరి రోజుల వైద్యం అనుకుని చాలామంది ఆలస్యం చేస్తారు, అదే నాకు బాధ. అమెరికాలోని బోస్టన్‌లో మీలాంటి 151 మందిపై చేసిన అధ్యయనం 2010లో వెలువడింది. మొదటి నుంచీ ఈ వైద్యం అందినవాళ్లలో దిగులు తగ్గింది. చివర్లో తీవ్రమైన చికిత్సలు తక్కువగా చేయించుకున్నా, మిగతావాళ్ల కంటే రెండు నెలలకు పైగా ఎక్కువే బతికారు.

వెంటిలేటర్ కావాలో వద్దో ముందే రాసిపెట్టుకునే హక్కును 2018లో సుప్రీంకోర్టు గుర్తించింది. 2023 నుంచి ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి, నోటరీ లేదా గెజిటెడ్ అధికారితో ధ్రువీకరణ చేయిస్తే చాలు. అది మీ అబ్బాయి నెత్తిన పడాల్సిన భారాన్ని మీరే దించడం.

ఇక మిగిలిన కాలం గురించి. మూడు వారాలకోసారి కీమో అయితే, మూడో వారంలో చాలామందికి ఓపిక తిరిగొస్తుంది. మనసుకు ముఖ్యమైన పనులు ఆ వారానికి పెట్టుకోండి. నా పేషెంటు ఒక రైతు అలాంటి వారంలోనే, గట్టు తగాదాతో పదకొండేళ్లు మాట్లాడని తమ్ముడి ఇంటికి వెళ్లాడు. తర్వాతి రివ్యూకి ఇద్దరూ కలిసి వచ్చారు.

వచ్చే రివ్యూకి మీ శ్రీమతినీ అబ్బాయినీ వెంట తీసుకెళ్లండి. మొదటి మాట డాక్టరునే అనమనండి. ఆ తర్వాత మీరు చెప్పాలనుకున్నది చెప్పండి.