‘పియెగాతో’ అంటే మడిచిందా, వంచిందా?

ప్రశ్న: బీటెక్ మెకానికల్ మూడో ఏడాది చదువుతున్నాను. ఎంఎస్‌కి ఇటలీ వెళ్లాలని ఇటాలియన్ నేర్చుకుంటున్నాను. ‘పియెగాతో’ అంటే ‘మడిచిన’ అని పుస్తకంలో ఉంది. ఒక మెషీన్ కేటలాగ్‌లో మాత్రం అదే మాట ఇనుప రేకుకు వాడారు. ఏది సరైనది? అసలు ఈ భాష నా కెరీర్‌కు పనికొస్తుందా?

జవాబు: రెండూ సరైనవే. మనం బట్టను మడతపెడతాం, రేకును వంచుతాం. ఇటాలియన్‌లో రెండింటికీ ‘పియెగారే’ అనే క్రియ సరిపోతుంది. ‘పియెగాతో’ దాన్నుంచి వచ్చిందే. మడిచిన కాగితం ‘ఫోల్యో పియెగాతో’. చొక్కా స్త్రీలింగం కాబట్టి ‘కమీచా పియెగాతా’. బహువచనంలో చివర ‘తి’ లేదా ‘తే’ వస్తుంది. నేపుల్స్ వీధుల్లో నాలుగు మడతలు వేసి చేతికిచ్చే పిజ్జాకూ, నొప్పితో నడుం వంగిపోయిన మనిషికీ ఇదే మాట. పలికేటప్పుడు మన ‘త’ పలకండి, ‘ట’ కాదు.

మీకు అసలు ఉపయోగం రేకు దగ్గరే ఉంది. ‘లమియేరా పియెగాతా’ అంటే బెండ్ చేసిన షీట్ మెటల్. డ్రాయింగ్‌లో ‘రాజ్జో ది పియెగా’ అని కనిపిస్తే అది బెండ్ రేడియస్, అంటే వంపు వ్యాసార్ధం. రేకు మందానికి తగ్గ రేడియస్ ఇవ్వకపోతే వంపు బయటి వైపు పగుళ్లొస్తాయని మీకు తెలుసు కదా, ఆ అంకె ఎక్కడుందో చదవగలగడం చిన్న విషయం కాదు.

మిలాన్, తురిన్ పాలిటెక్నిక్ యూనివర్సిటీల్లో ఇంగ్లిష్‌లో బోధించే మాస్టర్స్ కోర్సులు చాలా ఉన్నాయి. వాటిలో సీటు కోసం ఇటాలియన్ గురించి టెన్షన్ వద్దు, మార్కులు చూసుకోండి. భాష అవసరం ఇంటర్న్‌షిప్‌లో మొదలవుతుంది. బొలోన్యా చుట్టుపక్కల ప్యాకేజింగ్ మెషీన్లు తయారుచేసే కంపెనీలు ఎన్నో ఉన్నాయి. అక్కడ షాప్ ఫ్లోర్‌లో టెక్నీషియన్లు మాట్లాడుకునేది ఇటాలియన్‌లోనే. బీ1 (మధ్యస్థ) స్థాయి వస్తే వాళ్లతో నేరుగా పని చేయొచ్చు. చదువు పక్కనపెట్టి, కేవలం భాషను నమ్ముకుని ఇక్కడ ఉద్యోగం వెతుక్కోవాలనుకుంటే మాత్రం నేను ఒప్పుకోను.

ఈ సెమిస్టర్‌లో క్యాడ్‌లో షీట్ మెటల్ మాడ్యూల్ నేర్చుకోండి. ఒక చిన్న బ్రాకెట్ గీసి, కొలతల పక్కన పదాలన్నీ ఇటాలియన్‌లో రాయండి. చిల్స్, చెలి లాంటి భాషా పరీక్షలకు ఫీజు కట్టడం ఆ తర్వాత చూసుకోవచ్చు.