ఒకే ఫైబర్‌లో రాకపోకలు

ప్రశ్న: మా ఇంటికి ఈ మధ్యనే ఫైబర్ ఇంటర్నెట్ పెట్టించుకున్నాం. నేను పనిచేసిన కార్యాలయంలో ఒక్కో పరికరానికి రెండు ఫైబర్లు తగిలించేవారు; ఇంటికి మాత్రం ఒక్కటే లాగారు. సింగిల్ లైను రైలుమార్గంలో ఎదురుబండి వస్తుంటే మన బండిని స్టేషనులో ఆపేస్తారు కదా, మరి ఈ ఒక్క ఫైబర్‌లో వచ్చే సమాచారం, పోయే సమాచారం ఒకదానికొకటి అడ్డం పడవా?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: రైలుబండ్ల పోలిక మీ ప్రశ్నలో సగానికే సరిపోతుంది. బండ్లు ఎదురుపడితే ఢీకొంటాయి గానీ, ఇంటర్నెట్‌కు వాడే కొద్దిపాటి కాంతి గాజులో ఎదురుపడినా ఒకదానిలోంచి ఒకటి దాటి తమ దారిన తాము పోతుంది. రాత్రిపూట ఇద్దరు ఎదురెదురుగా నిలబడి టార్చిలైట్లు వేసుకుంటే వెలుతురు నడిమధ్యలో ఆగిపోదు కదా.

చిక్కంతా కొసల దగ్గర ఉంది. మీ ఇంట్లో ఫైబర్ తగిలించిన పెట్టె పంపే కాంతి ఒక మిల్లీవాట్, లేదా అంతకు కొంత ఎక్కువ. దానికి వచ్చి చేరే కాంతి మాత్రం, ఒక ఫైబర్‌ను 32 లేదా 64 ఇళ్లకు పంచే స్ప్లిటర్‌ను దాటుకొని, కిలోమీటర్ల దూరం నడిచి రావాలి గనుక, 2 మైక్రోవాట్లకు (మిల్లీవాట్‌లో వెయ్యో వంతు ఒక మైక్రోవాట్) పడిపోయినా పెట్టె దాన్ని చదవగలగాలి. గాజూ గాలీ కలిసే చోట నూటికి దాదాపు 4 పాళ్ల కాంతి వెనక్కి తిరుగుతుంది. ఎక్కడైనా కొస సరిగా అతకకపోతే, మీరు పంపిన మిల్లీవాట్‌లోంచే సుమారు 40 మైక్రోవాట్లు వెనక్కి మళ్లి, అసలు సంకేతాన్ని ముంచేయగలవు. బావిలోకి అరిచినవాడికి తన ప్రతిధ్వనే తప్ప గట్టున ఉన్నవాడి గుసగుస వినిపించనట్టు.

అందుకే రెండు దిక్కులకూ రెండు తరంగదైర్ఘ్యాలు కేటాయించారు. ఇళ్లకు విరివిగా వాడే జీపాన్ పద్ధతిలో ఇంటర్నెట్ సంస్థ కేంద్రం నుంచి ఇంటికి 1490 నానోమీటర్ల కాంతి, ఇంటి నుంచి కేంద్రానికి 1310 నానోమీటర్ల కాంతి ప్రయాణిస్తాయి. పెట్టె లోపల ఏటవాలుగా అమర్చిన చిన్న ఫిల్టర్ ఒకదాన్ని సూటిగా పోనిచ్చి, రెండోదాన్ని పక్కకు మళ్లిస్తుంది; కాబట్టి వెనక్కి తిరిగిన మీ కాంతి, వచ్చే సంకేతంతో కలవదు. రెండు దిక్కులకూ ఒకే తరంగదైర్ఘ్యం వాడే పరికరాలకైతే రాకకొకటి, పోకకొకటి ఫైబర్ కావాలి. మీ కార్యాలయంలో చూసినవి బహుశా అలాంటివే.

మీ రైలు పోలిక పనికివచ్చే సగం ఇక్కడుంది. మీ వీధిలోని ఇళ్లన్నీ కేంద్రానికి పంపేది అదే 1310 నానోమీటర్లలో కాబట్టి, గుంతకల్లు జంక్షనుకు నాలుగు వైపుల నుంచి వచ్చే బండ్లకు సిగ్నల్ ఇచ్చినట్టు, కేంద్రం ఒక్కో ఇంటికీ వంతు ఇస్తుంది. గాజులో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. కిలోమీటరు దూరంలోని ఇంటి సంకేతానికి 5 మైక్రోసెకన్లు, 10 కిలోమీటర్ల దూరంలోని దానికి 50 పడతాయి. కేంద్రం ఈ తేడాను ముందే కొలిచి పెట్టుకొని, దానికి తగ్గట్టు వంతులు సర్దుతుంది. ఇందులో నాకు అన్నిటికన్నా ముచ్చటగా తోచేది ఈ ఏర్పాటే.

మీ పెట్టెకు తగిలించిన ఆకుపచ్చ కనెక్టరును గమనించండి. దాని కొసను 8 డిగ్రీల వాలుగా నున్నగా సానపడతారు, వెనక్కి మళ్లే కాంతి ఫైబర్‌లోకి తిరిగి దూరకుండా. కాంతి నడిచే లోపలి భాగం వెడల్పు 9 మైక్రాన్లే గనుక, ఒక్క ధూళి రేణువు చాలు దారి మూయడానికి. ఎర్రదీపం వెలిగినప్పుడు మెకానిక్ ఆ కొసను తుడవడం, గడప దగ్గర ఫైబర్ మడత పడిందేమో చూడటం అందుకే. ఆ కాంతి కంటికి కనిపించనిది. వెలుగు లేదు కదా అని కొసను కంటి దగ్గర పెట్టి చూడకండి.