ఓపెన్ లైసెన్సు పాఠాలు కలిపి పుస్తకం వేసి అమ్మవచ్చా?

సందేహం: వరంగల్‌లో జూనియర్ కాలేజీ ఫిజిక్స్ లెక్చరర్‌ని. ఓపెన్‌స్టాక్స్ అనే సంస్థ ఉచితంగా ఇచ్చే ‘కాలేజ్ ఫిజిక్స్’ పాఠ్యపుస్తకం అధ్యాయాలు కొన్ని తెలుగు చేసి, వాటిలో తెలుగు వికీపీడియా పేరాలు, అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం ఓపెన్‌కోర్స్‌వేర్ సైటులో ఉచితంగా పెట్టిన లెక్కలు కలిపాను. అన్నీ ఓపెన్ లైసెన్సువే కదా, ప్రింట్ చేయించి 150 రూపాయలకు అమ్మవచ్చా?

సలహా: ఇప్పుడున్న రూపంలో అమ్మకండి. మూడింటి మీదా క్రియేటివ్ కామన్స్ (షరతులతో వాడుకోనిచ్చే ఓపెన్ లైసెన్సుల కుటుంబం, పొట్టిగా ‘సీసీ’) ముద్రే ఉన్నా షరతులు వేరు.

‘కాలేజ్ ఫిజిక్స్’ది సీసీ బై 4.0 (‘బై’ అంటే మూలానికి క్రెడిట్ ఇవ్వాలి, 4.0 అంటే లైసెన్సు వెర్షన్). అనువదించవచ్చు, మార్చవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. అదే సంస్థ క్యాలిక్యులస్ పుస్తకానికి మాత్రం వ్యాపారం కూడదన్న షరతుంది. అందుకే సంస్థ పేరును నమ్మకండి, ప్రతి పుస్తకంలో కాపీరైట్ పేజీ తెరిచి చూడండి.

వికీపీడియాది సీసీ బై-ఎస్‌ఏ 4.0. అమ్మకానికి అడ్డు లేదు గానీ, దాన్ని కలిపి రాసిన పాఠాన్ని మీరూ అదే లైసెన్సుతో ఇవ్వాలి. ‘సర్వహక్కులు రచయితవి’ అని వేయించారా, ఉల్లంఘనే. ఎంఐటీది బై-ఎన్‌సీ-ఎస్‌ఏ 4.0. ఇందులో వ్యాపారం నిషిద్ధం, మార్చినదాన్ని ఇదే లైసెన్సుతో ఇవ్వాలి. చిక్కంతా ఇక్కడే. ఒకే పాఠాన్ని రెండు వేర్వేరు లైసెన్సులతో ఇమ్మంటే కుదరదు. ఉచితంగా పంచినా ఈ ముడి వీడదు.

ఎంఐటీ లెక్కలను విడిగా చిన్న పుస్తకం చేసి, వారి లైసెన్సుతోనే ఉచితంగా ఇవ్వండి. లేదా లెక్కలు మీరే రాసుకోండి. వాలు తలం మీద జారే దిమ్మె ఎవరి సొత్తూ కాదు. వాక్యాలు, బొమ్మలు మాత్రం వారివి. అంకెలు మార్చి వాక్యాలు అలాగే ఉంచితే లాభం లేదు.

క్రెడిట్ ఇలా ఉండాలి: మూలం పేరు, రచయితలు, లింకు, లైసెన్సు పేరు, దాని లింకు, ‘తెలుగులోకి అనువదించి ఉదాహరణలు మార్చాం’ అన్న మాట. చివరి పేజీలో ‘ఇంటర్నెట్ సౌజన్యం’ అంటే చెల్లదు. ఓపెన్‌స్టాక్స్ పాఠం అచ్చయిన ప్రతి పేజీలోనూ వారి సైటులో ఉచితంగా చదవవచ్చన్న వాక్యం ఉండాలి. వారి లోగో అట్ట మీద వాడకండి, దానికి ఈ లైసెన్సు వర్తించదు. ఫొటోలకు లైసెన్సు వేరుగా ఉండవచ్చు, ఒక్కొక్కటీ చూసుకోండి.

కాపీరైట్ చట్టం 1957లోని సెక్షన్ 52 తరగతి బోధనకు మినహాయింపు ఇస్తుంది నిజమే. బజారులో అమ్మే పుస్తకానికి దాన్ని అడ్డుపెట్టుకోలేరు. ఇప్పటికే కాపీలు పంచి ఉంటే ఆపండి. షరతు తప్పితే లైసెన్సు దానంతటదే రద్దవుతుంది; తప్పు తెలిసిన 30 రోజుల్లో సరిదిద్దితే 4.0లో తిరిగి వస్తుంది. అయితే ఆ మధ్య జరిగిన ఉల్లంఘనకు దావా వేసే హక్కు కాపీరైట్ హక్కుదారులకు ఉంటుంది.