సభలో మైకు మాటకు బిల్లు రాదు, ఎంబీ (కొలతల పుస్తకం) ఉంటే వస్తుంది

ప్రశ్న: సార్, నేను హైదరాబాద్‌లో చిన్న సివిల్ కాంట్రాక్టర్‌ని. 2022లో మా బస్తీ సభలో ఎమ్మెల్యే గారు మైకులోనే చెప్పారు, "మన బస్తీ – మన బడి కింద మన సర్కారు బడికి నిధులొచ్చాయి, పని ఆగొద్దు" అని. నన్ను స్టేజీ ఎక్కించి శాలువా కూడా కప్పారు. ఆ మాట నమ్మి మరుగుదొడ్లు, ప్రహరీ గోడ, రెండు గదుల ఫ్లోరింగ్, నల్లా పైపులైను చేశాను. 2023 నవంబరు 20కి పని అయిపోయింది. మొత్తం 11,40,000 రూపాయలు. 2024 ఫిబ్రవరిలో స్కూల్ కమిటీ చెక్కు ద్వారా 3 లక్షలు వచ్చాయి. మిగతా 8,40,000 ఇప్పటికీ రాలేదు. మా ఆవిడ నగలు తాకట్టులో ఉన్నాయి. ఎమ్మెల్యే గారు ప్రతి మీటింగులో బడ్జెట్ గురించి చెబుతారు, మా బిల్లు గురించి అడిగితే "వస్తది తమ్మీ" అంటారు. నా దగ్గర ఆ సభ వీడియో ఉంది. ఆయన మీద చీటింగ్ కేసు పెట్టొచ్చా? అసిస్టెంట్ ఇంజనీరు (ఏఈ)తో పాత తేదీ వేయించి వర్క్ ఆర్డర్ తీసుకోమని ఒకరు, గదులకు తాళం వేయమని ఇంకొకరు చెబుతున్నారు. నాకు న్యాయం జరుగుతుందా?

జవాబు: మీ ఉత్తరం నాలుగు పేజీలు. అందులో శాలువా గురించి అర పేజీ ఉంది. చేసిన పనిని ఎవరైనా కొలిచారా, ఎంబీలో ఎక్కించారా అన్నది మాత్రం ఒక్క వాక్యం కూడా లేదు. మీ కేసు తేలేది అక్కడే.

ముందు ఎమ్మెల్యే సంగతి. ప్రభుత్వంతో ఒప్పందం కావాలంటే రాజ్యాంగం 299వ అధికరణం ప్రకారం గవర్నర్ పేరున, అధికారం ఉన్న అధికారి సంతకంతో రాతపూర్వకంగా ఉండాలి. బస్తీ సభలో మైకు మాట ఎంత గట్టిగా వినపడినా ఒప్పందం కాదు. నియోజకవర్గ అభివృద్ధి నిధి పనుల్లో కూడా ఎమ్మెల్యే సిఫారసే చేస్తారు, మంజూరు అధికారులది. చీటింగ్ అంటారా, 2022 నాటి సంగతి కాబట్టి పాత ఐపీసీ 420 కిందకు వస్తుంది. మాట ఇచ్చిన రోజే మోసం చేసే ఉద్దేశం ఉందని మీరు చూపాలి. కమిటీ నుంచి 3 లక్షలు అందాక ఆ వాదన ఎవరి ముందు నిలబడుతుంది? ఆ కేసు పెడితే మీకు మిగిలేది ఠాణా చుట్టూ తిరగడమే.

ఇక ఆయన చెప్పే బడ్జెట్ లెక్క. 2025–26 రాష్ట్ర బడ్జెట్ మొత్తం 3,04,965 కోట్లు, విద్యకు 23,108 కోట్లు. ఆయన చెప్పింది అబద్ధం కాదు. కానీ అందులో పెద్ద వాటా జీతాలకే పోతుంది. శాసనసభ పద్దు ఆమోదించాక కూడా పాలనా అనుమతి, నిధుల విడుదల ఉత్తర్వు, ఆ తరువాత బిల్లుకు టోకెన్ (ట్రెజరీలో బిల్లు నమోదైన నంబరు), ఇవన్నీ దాటాలి. మార్చి 31కి ఖర్చు కాని పద్దు మురిగిపోతుంది. చెరువు నిండిందని చెబితే మీ మడి తడవదు, తూము ఎవరు ఎత్తారో చూడాలి. ఇకమీదట సభలో అడగాల్సింది "నా డబ్బు ఎప్పుడొస్తుంది" అని కాదు, "నా బిల్లుకు టోకెన్ నంబరు ఉందా" అని.

అసలు విషయానికి వద్దాం. కోర్టులో ప్రభుత్వ ప్లీడరు లేచి మొట్టమొదట అడిగేది, "ఇతనెవరు?" అని. పనిని కమిటీకి అప్పగించాం, ఈ మనిషితో మాకు సంబంధం లేదంటారు. దానికి మీ జవాబు కాగితాల్లోనే ఉండాలి: మీ పేరుతో పని అప్పగించిన కమిటీ తీర్మానం, అంచనా ప్రతి, ఏఈ కొలతలు రాసిన ఎంబీ, 3 లక్షల చెక్కు మీ ఖాతాలో పడిన బ్యాంకు స్టేట్‌మెంట్, సిమెంటు, ఇటుక, టైల్స్ బిల్లులు, మేస్త్రీలకు ఇచ్చిన కూలీ లెక్క. ఇందులో మీ చేతిలో ఉన్నది బ్యాంకు స్టేట్‌మెంట్ ఒక్కటే అని మీ ఉత్తరం చదివితే అర్థమవుతోంది. పదకొండు లక్షల పని చేసి ఒక్క తీర్మానం జిరాక్సు కూడా తీసుకోలేదంటే మిమ్మల్ని ఏమనాలి? పైగా 2024లో పాత కమిటీల స్థానంలో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చాయి. పాత తీర్మానాల పుస్తకం హెడ్మాస్టర్ బీరువాలో ఉందో, పాత ఛైర్మన్ ఇంట్లో ఉందో ఈ వారంలోనే కనుక్కోండి. హెడ్మాస్టర్ బదిలీ అయితే ఆ పుస్తకం ఎక్కడుందో చెప్పేవాళ్ళుండరు.

రేపే రెండు ఆర్‌టీఐ దరఖాస్తులు పెట్టండి, ఒకటి జిల్లా విద్యాధికారి (డీఈఓ) కార్యాలయానికి, ఒకటి పని చూసిన ఇంజనీరింగ్ విభాగానికి. పది రూపాయల ఫీజు. అంచనా, పాలనా అనుమతి, ఎంబీ పేజీలు, చెల్లింపుల వివరం, వీటి ధ్రువీకరించిన నకళ్ళు అడగండి. 30 రోజుల్లో ఇవ్వాలి, ఇవ్వకపోతే మొదటి అప్పీలు. "నా బిల్లు ఎందుకు రాలేదు" అని ప్రశ్న రాయకండి, కాగితాలు మాత్రమే అడగండి.

ఎంబీలో మీ పని ఎక్కి, ఆ బిల్లును శాఖ ఒప్పుకుని ఉంటే హైకోర్టులో రిట్ (అధికారులకు ఆదేశం ఇమ్మనే పిటిషన్) వేయొచ్చు. ఒప్పుకున్న బాకీ ఎందుకు ఆపారని కోర్టు అడుగుతుంది. ఎంబీ లేకపోయినా, కొలతల మీద తగాదా ఉన్నా రిట్‌లో "సివిల్ కోర్టుకు వెళ్ళండి" అనే అంటారు.

అప్పుడు మీకు దిక్కు కాంట్రాక్టు చట్టం సెక్షన్ 70. ఉచితంగా చేసే ఉద్దేశం లేకుండా, చట్టబద్ధంగా ఒకరికి పని చేసి పెడితే, అవతలివాళ్ళు దాని ఫలితం అనుభవిస్తే, దానికి పరిహారం ఇవ్వాలి. పశ్చిమ బెంగాల్‌లో పౌరసరఫరాల శాఖ అధికారులు అడిగితే కట్టడాలు కట్టిన బి.కె. మండల్ సంస్థకు సరైన ఒప్పందం లేదు. అయినా 1961 డిసెంబరులో సుప్రీంకోర్టు ఈ సెక్షన్ కిందే డబ్బు ఇప్పించింది. మీ వీడియో పనికొచ్చేది ఇక్కడ, అదీ కొంతే: పని దొంగచాటుగా చేయలేదని, శ్రమదానం కాదని చూపడానికి. తీసిన అసలు ఫోను దాచండి. వాట్సాప్‌లో తిరిగిన ముక్క కాదు. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 సర్టిఫికెట్ కావాలి.

ఇప్పుడు తాళం మాట. వద్దంటే వద్దు. పోలీసు కేసు ఒక ఎత్తు. అంతకన్నా, సెక్షన్ 70 నిలబడేదే ప్రభుత్వం ఆ గదులను వాడుకుంటోందన్న దాని మీద. పిల్లలు ఆ మరుగుదొడ్లు వాడుతున్న ప్రతి రోజూ మీకు సాక్ష్యమే. తాళం వేసిన మర్నాడు "మేం వాడుకోవడం లేదు" అనే వాదన మీరే వాళ్ళ చేతిలో పెట్టినట్టు.

పాత తేదీ వర్క్ ఆర్డర్ ఇంకా ప్రమాదం. ఇవాళ తయారుచేసే కాగితం మీద భారతీయ న్యాయ సంహితలోని ఫోర్జరీ సెక్షన్లు 336, 340 పడతాయి. రిజిస్టరులో వరుస నంబరు కలవదు, ఇన్‌వర్డులో ఉండదు. మీకు ఆ సలహా ఇచ్చినాయన సాక్షిగా రాడు. బాకీ రావాల్సిన మనిషి ముద్దాయి అవుతాడు.

దావా వేసే గడువు చూడండి. చేసిన పని తాలూకు డబ్బుకు పని పూర్తయిన నాటి నుంచి మూడేళ్లు. అంటే 2026 నవంబరు 20. 2024 ఫిబ్రవరి చెక్కు పాక్షిక చెల్లింపు కాబట్టి లిమిటేషన్ చట్టం సెక్షన్ 19 కింద మళ్ళీ మూడేళ్లు లెక్కపెట్టొచ్చన్న వాదన ఉంది. కానీ ఆ చెక్కు కమిటీది, మాది కాదని ప్రభుత్వం తగువు పెడుతుంది. కాబట్టి మొదటి తేదీనే పట్టుకోండి. "వస్తది తమ్మీ" అన్న నోటి మాటతో గడువు ఒక్క రోజు కూడా పెరగదు. బాకీ ఉందని అధికారి సంతకంతో, గడువు లోపల రాసిస్తేనే పెరుగుతుంది. అలాంటి ఉత్తరం దొరికితే బంగారమే.

దావాకు ముందు సివిల్ ప్రొసీజర్ కోడ్ (సీపీసీ) సెక్షన్ 80 నోటీసు ఇవ్వాలి, ప్రభుత్వ కార్యదర్శికి గానీ కలెక్టరుకు గానీ. రెండు నెలలు ఆగాలి. బాకీ మూడు లక్షలు దాటిన నిర్మాణ తగాదా కాబట్టి కమర్షియల్ కోర్టు లెక్కలోకి వస్తుంది, అక్కడ దావాకు ముందు మధ్యవర్తిత్వం తప్పనిసరి. ఈ రెండింటికీ పట్టిన కాలాన్ని గడువులో మినహాయిస్తారు, అయినా దాని మీద ఆధారపడి చివరి నెలదాకా ఆగకండి. నోటీసు ఈ నెలలోనే వెళ్ళాలి, ఆర్‌టీఐ జవాబు కోసం ఆపొద్దు.

అడిగేది మీరు చెప్పిన 8,40,000 అయినా, కోర్టు ఇచ్చేది ఆ పని విలువ మేరకే. ఆ నాటి షెడ్యూల్ రేట్లతో ఒక రిటైర్డ్ ఇంజనీరు చేత కొలతలు వేయించి ఉంచుకోండి, ప్రహరీ బీటలు వారకముందే. నగల తాకట్టు వడ్డీని ఆ లెక్కలో కలపకండి, సెక్షన్ 70 కింద అది రాదు.